వాల్వు కాలితే ముందే చెబుతుంది

కోయంబత్తూరు: దగ్గర్లోని కలంగల్‌లో 1893లో పుట్టిన తెలుగుబిడ్డ జి.డి.నాయుడు కుర్రతనంలో ఓ మోటారుసైకిల్ కొని, విప్పి, మళ్లీ బిగించి ఇంజిన్ గుట్టు నేర్చుకున్నారు. 1920లో పొళ్లాచ్చి-పళని మధ్య బస్సు నడిపారు. బస్సు మొరాయిస్తే దిగి చూసుకోవచ్చు. చిన్న విమానానికి ఆ వీలేదీ? దాని పిస్టన్ ఇంజిన్ జబ్బును నేలమీదే పట్టాలి.

అందులో ఎక్కువ వేడిని భరించేది ఎగ్జాస్ట్ వాల్వు. మండిన వాయువులన్నీ దాన్ని రాసుకుంటూనే బయటికెళ్తాయి. సీటుపై సరిగా కూర్చోకపోతే ఓ అంచున కాలడం మొదలవుతుంది.

పట్టేదెలా?
సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ గాలి పంపి, ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చెవి పెట్టాలి. బుస్సుమంటే అక్కడే లీకు. అంకె బాగుంది కదా అని ఊరుకోకూడదు. బోరోస్కోప్ కెమెరా దించి వాల్వు ముఖం చూడాలి. మరకలు గుండ్రంగా, అన్నివైపులా ఒకేలా ఉంటే మంచిదే. ఒకపక్క అంచున ఆకుపచ్చ ఛాయ తేలితే కాలుతున్నట్టే.

పొద్దున్నే స్టార్టవగానే కొట్టుకుని, వేడెక్కాక సర్దుకుందా? వాల్వు గైడులో ఇరుక్కుంటోందని అనుమానించాలి. 'తగ్గిపోయిందిలే' అని ఎగిరితేనే ముప్పు.

మోటారుసైకిల్ విప్పిన ఆ కుర్రాడి పాఠమూ ఇదే. చూశాకే నమ్మాలి!