దేశాల పట్టికలో మన ఇల్లు ఎక్కడ?

గత శీతకాలంలో ఒక ఆదివారం రౌస్ హిల్‌లో మన బంధువుల ఇంట భజన ముగిసి అందరం భోజనాలకు కూర్చున్న వేళ ఒక వాదన పుట్టింది. ఆ ఇంటి పెద్దాయన ఫిజీలోని లబాసాలో చెఱకు పండించినవారు. 2000 సంవత్సరపు అలజడి తరువాత కొడుకు పిలువగా సిడ్నీకి వచ్చారు. ఇప్పుడాయనకు 76 ఏళ్లు. తిరిగి లబాసా వెళ్లి చెల్లెలి దగ్గర ఉంటానంటున్నారు. కొడుకు ఒప్పుకోవడం లేదు. హైస్కూలులో చదివే మనుమరాలు ఆ వారమే దేశాలను పోల్చే పాఠమొకటి వ్రాసి, ఒక పట్టిక తయారు చేసింది. కొడుకు ఆ పట్టికను తండ్రి ముందు పెట్టి, “చూడు నాయనా, ఫిజీలో మనిషి సగటు ఆయుస్సు 68 ఏళ్లు. ఇక్కడ 83. తెలిసి తెలిసి నిన్ను ఎట్లా పంపేది?” అన్నాడు.

పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని పట్టిక చూసి, “ఈ లెక్కన నేను అక్కడే ఉండి ఉంటే ఎనిమిదేళ్ల క్రితమే పోయి ఉండాలి గదరా!” అన్నారు. అందరం నవ్వాము. మనుమరాలు మాత్రం నవ్వలేదు. “తాతా, అయితే మనం పేద దేశం నుంచి వచ్చామా?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆనాడు మాలో ఎవరమూ సరైన జవాబు చెప్పలేకపోయాము. అటువంటి పట్టికలు నేడు మన పిల్లలందరి చేతికీ వస్తున్నాయి. వాటిని ఎట్లా చదవాలో, ఎంతవరకు నమ్మాలో మనము తెలుసుకుని వారికి చెప్పడం అవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పట్టిక ఏమి చెబుతుంది?

మన కుటుంబాలకు సంబంధించిన దేశాలు నాలుగు. తాతల నాటి ఇండియా, మనం పుట్టిన ఫిజీ, మనవంటి చెఱకు తోటల సంతతే నివసించే మారిషస్, ఇప్పుడు మనమున్న ఆస్ట్రేలియా. 2022 లెక్కల ప్రకారం తలసరి ఉత్పత్తి ఆస్ట్రేలియాలో సుమారు 65 వేల అమెరికా డాలర్లు, మారిషస్‌లో 10 వేలు, ఫిజీలో 5 వేల పైచిలుకు, ఇండియాలో 2,400. ఇది డబ్బు కొలత.

డబ్బు ఒక్కటే చాలదని పాకిస్తాన్‌కు చెందిన మహబూబ్ ఉల్ హక్ అనే ఆర్థికవేత్త, మన అమర్త్య సేన్ సహాయంతో 1990లో ఐక్యరాజ్యసమితి తరఫున మరొక కొలత తెచ్చారు. దానిని మానవాభివృద్ధి సూచిక అంటారు. ఆయుస్సు, చదువు, ఆదాయం అనే మూడింటినీ కలిపి సున్నాకూ ఒకటికీ నడుమ ఒక అంకెగా ఇస్తారు. ఈ కొలతలో 2022 సంవత్సరానికి ఆస్ట్రేలియాది 10వ స్థానం, మారిషస్‌ది 72, ఫిజీది 104, ఇండియాది 134.

అంకెలు అబద్ధమాడవు. కాని ప్రతి అంకె ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. మనము వేరొక ప్రశ్న అడిగి, ఆ అంకెనే జవాబుగా తీసుకుంటే తప్పు మనది.

పంట ఒకరిది, లాభం ఒకరిది

మొదట దేశీయోత్పత్తి సంగతి చూద్దాము. ఒక దేశపు హద్దుల లోపల ఏడాదిలో తయారైన వస్తువులు, సేవలు అన్నిటి విలువ అది. దానిని జనసంఖ్యతో భాగిస్తే తలసరి ఉత్పత్తి వస్తుంది. ఆ విలువ చివరకు ఎవరి చేతికి చేరిందో ఈ లెక్క చెప్పదు.

ఇందుకు మన చరిత్ర కంటె మంచి ఉదాహరణ లేదు. 1879 నుండి 1916 వరకు సుమారు 60 వేల మంది గిర్మిట్ మీద ఫిజీకి వచ్చారు. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా వచ్చినవారు సుమారు 15 వేలు. వారిలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలవారు, అంటే మన పెద్దలు, ఉన్నారు. గిర్మిట్ అయిదేళ్లు. రోజు పని పూర్తి చేస్తే మగవారికి ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. వారు నరికిన చెఱకును ఆడించిన మిల్లులలో ఎక్కువ భాగం కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవి. ఆ కంపెనీ 1855లో పుట్టింది ఈ సిడ్నీ నగరంలోనే. 1882లో నౌసోరిలో మొదలుపెట్టి, 1973లో ఫిజీ ప్రభుత్వ రంగానికి అప్పగించే వరకు అక్కడ చక్కెర చేసింది.

ఆ చక్కెర ఫిజీ ఉత్పత్తి. దాని లాభం సిడ్నీలోని వాటాదారుల ఆదాయం. అందుకే ఉత్పత్తికీ జాతీయాదాయానికీ తేడా చూడాలి. జాతీయాదాయంలో బయటికి పోయిన లాభాలను తీసివేస్తారు, బయటి నుండి వచ్చిన సంపాదనను కలుపుతారు. కంపెనీల మీద నడిచే చిన్న దేశాలకు ఈ రెండు అంకెలూ ఎడంగా ఉండవచ్చు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడ మన ఇంట్లోనే ఉన్నది. మనము నెలనెలా అక్కకో చెల్లెలికో పంపే డబ్బు ఫిజీ ఉత్పత్తిలో చేరదు. ఆమె ఆ డబ్బుతో అక్కడ పండిన కూరగాయలు కొన్నప్పుడే ఆ పంట విలువ లెక్కకు వస్తుంది. బయట ఉన్నవారు ఫిజీకి పంపిన సొమ్ము 2022లో 100 కోట్ల ఫిజీ డాలర్లు దాటింది. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించేది ఈ డబ్బే అయినా పట్టికలోని తలసరి ఉత్పత్తి దీనిని చూడదు.

ఒకే డాలరు, రెండు సంతలు

రెండవది ధరల సంగతి. రౌస్ హిల్‌లో క్షవరానికి 30 డాలర్లు, లబాసాలో అదే పనికి 5 డాలర్లు అనుకుందాము. కత్తెర ఒకటే, తల ఒకటే. అయినా ఉత్పత్తి లెక్కలో రౌస్ హిల్ క్షవరం ఆరు రెట్లు పెద్దది. ఈ లోపం సవరించడానికి ఆర్థికవేత్తలు ఒకే రకం వస్తువుల బుట్టను దేశదేశాలలో వెల కట్టి, కొనుగోలు శక్తిని బట్టి ఆదాయాలను తిరిగి లెక్కిస్తారు. అట్లా చేస్తే ఆస్ట్రేలియాకూ ఫిజీకీ మధ్య పన్నెండు రెట్లుగా కనిపించిన తేడా నాలుగైదు రెట్లకు దిగుతుంది. తేడా మాయం కాదు, దాని అసలు కొలత తెలుస్తుంది. దేశాలను పోల్చేటప్పుడు ఈ సవరించిన అంకెనే వాడాలని పిల్లలకు చెప్పాలి.

సగటు మనిషి ఎక్కడా ఉండడు

మూడవది సగటు. పది ఇళ్ల వీధిలో తొమ్మిది ఇళ్లకు తలా వంద, పదవ ఇంటికి పదివేలు ఉంటే, సగటున ఒక్కొక్కరికి వెయ్యికి పైగా ఉన్నట్లే. ఆ వెయ్యి చేతిలో ఉన్న మనిషి మాత్రం ఆ వీధిలో కనబడడు.

ఇండియా 134వ స్థానంలో ఉన్నదన్నా అంతే. తెలంగాణ తలసరి ఆదాయం దేశపు సగటు కంటె బాగా ఎక్కువ. మన తాతలు కొందరు బయలుదేరిన శ్రీకాకుళం ప్రాంతం మాత్రం ఆంధ్రలో నేటికీ తక్కువ ఆదాయం గల జిల్లాలలో ఒకటి. ఆస్ట్రేలియాకు కూడ ఈ మాట వర్తిస్తుంది. మనమున్న ఈ రౌస్ హిల్ నేల దారుగ్ ప్రజలది. ఈ దేశపు ఆదివాసులకూ ఇతరులకూ మధ్య ఆయుస్సులో నేటికీ సుమారు ఎనిమిదేళ్ల ఎడం ఉన్నది. 83 అనే గొప్ప అంకె వెనుక ఈ ఎడం దాగి ఉన్నది.

ఇక పెద్దాయన నవ్వించిన మాట సంగతి. 68 ఏళ్లనేది ఈనాడు పుట్టిన బిడ్డకు వేసిన లెక్క. ఉన్న మరణాల రేటే కొనసాగితే ఆ బిడ్డ సగటున ఎంతకాలం బ్రతుకుతుందో అది చెబుతుంది. పసితనంలో పోయినవారు, యాభైలలో గుండెజబ్బుతో పోయినవారు అందరూ అందులో కలిసి ఉంటారు. 76 దాటిన మనిషి ఆ గండాలన్నీ గడిచినవాడు. ఆయన మిగిలిన ఆయుస్సు వేరే లెక్క. కాబట్టి ఆ అంకె చూపి ఆయనను ఆపడం న్యాయం కాదు.

అయితే కొడుకు భయమూ ఉత్తది కాదు. పెద్దాయనకు చక్కెర జబ్బు ఉన్నది. చెఱకు పండించిన మన ఇళ్లలోనే ఈ జబ్బు మెండు. ఫిజీలో ఆయుస్సు తగ్గడానికి ఇదీ, గుండెజబ్బూ పెద్ద కారణాలు. కొడుకు అడగవలసిన ప్రశ్న “ఫిజీ సగటు ఎంత?” అన్నది కాదు. “నాయనకు కావలసిన మందు, వైద్యుడు లబాసాలో ఎంత దూరంలో దొరుకుతారు?” అన్నది.

మారిషస్ ముందుకు ఎట్లా పోయింది?

నాలుగు దేశాలలో న్యాయమైన పోలిక ఫిజీకీ మారిషస్‌కూ నడుమనే కుదురుతుంది. రెండూ ద్వీపాలు, రెండింటికీ ఒకనాడు చక్కెరే ఆధారం, రెండింటా గిర్మిట్ సంతతి. కోరంగి రేవు నుండి ఓడ ఎక్కిన మనవారిని మారిషస్‌లో కోరంగీలనే పిలిచారు. మారిషస్‌కు 1968లో, ఫిజీకి 1970లో స్వాతంత్ర్యం వచ్చింది.

జేమ్స్ మీడ్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త 1961లో మారిషస్ గురించి నివేదిక వ్రాసి, పెరిగే జనాభాతో, ఒక్క చక్కెరతో ఆ దేశానికి ముందు కష్టకాలమేనని హెచ్చరించారు. ఆయనకు 1977లో నోబెల్ బహుమానం వచ్చింది, కాని ఆయన భయపడినట్లు జరగలేదు. మారిషస్ 1970లో ఎగుమతి కర్మాగారాల చట్టం చేసింది. బట్టల మిల్లులు వచ్చాయి, వేలాది ఆడవారికి పని దొరికింది. 1975 నుండి ఐరోపా దేశాలు మంచి ధరకు కొంటామన్న చక్కెరలో మారిషస్ వాటా ఏటా సుమారు 5 లక్షల టన్నులు. ఫిజీ వాటా 1 లక్షా 65 వేల టన్నులు. ఆ లాభంలో కొంత కర్మాగారాలకు, హోటళ్లకు పెట్టుబడి అయింది. కాబట్టి 2009 నాటికి ఐరోపా ఆ ఏర్పాటు ముగించినప్పుడు మారిషస్‌కు నిలబడడానికి వేరే కాళ్లున్నాయి.

మరొక కారణం నిలకడ. మారిషస్‌లోనూ 1968 జనవరిలో కలహాలు జరిగాయి. అయినా తరువాత ప్రభుత్వాలు వోటుతోనే మారాయి. ఫిజీలో 1987లో రెండుసార్లు, 2000లో, 2006లో ప్రభుత్వాలను బలవంతంగా కూల్చారు. ప్రతిసారీ ఉపాధ్యాయులు, వైద్యులు, లెక్కలు తెలిసినవారు ఓడకు బదులు విమానమెక్కారు. 1976 చట్టం కింద 30 ఏళ్లకు తీసుకున్న కౌళ్లు 1997 నుండి గడువు తీరడంతో ఎందరో రైతులు పొలం వదిలారు.

ఇక్కడ ఒక మాట మరువరాదు. ఫిజీలో నేల చాలావరకు అక్కడి మూలవాసుల చేతిలోనే నిలిచింది. అది వారి క్షేమానికి మూలం. దానికి పట్టికలో వరుస లేదు. మారిషస్‌లో మనుషులు రాకముందు మూలవాసులే లేరు. కాబట్టి ఈ పోలికకు కూడ హద్దు ఉన్నది.

లెక్కకు రానివి

రౌస్ హిల్‌లో పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో శిక్షపడిన ఖైదీల శ్రమతో కట్టిన పెద్ద ఇల్లు నేటికీ నిలిచి ఉన్నది. ఈ చుట్టుపక్కలనే 1804లో ఖైదీలు తిరగబడి ఓడిపోయారు. నేడు అదే చోట 2019లో వచ్చిన మెట్రో రైలు ఎక్కి మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు పోతున్నారు. రెండు వందల ఏళ్లలో ఒక దేశం ఎంత మారగలదో ఇది చూపుతుంది. పేద దేశమనేది పుట్టుమచ్చ కాదు.

2021 జనాభా లెక్కలలో ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాటాడేవారు సుమారు 59 వేలు. వారిలో అధికులు ఈ ముప్పై ఏళ్లలో ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చినవారు. మన తెలుగు నూరేళ్లు చెఱకు తోటలలో నలిగిన తెలుగు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం, బడులలో తెలుగు ఉన్నది. ఈ సంపదను ఏ సూచిక కొలుస్తుంది? ఆస్ట్రేలియా ప్రభుత్వం కూడ ఉత్పత్తి ఒక్కటే చాలదని గ్రహించి 2023లో ఆరోగ్యం, భద్రత, ఐకమత్యం వంటి వాటిని కలిపి 50 కొలతలు ప్రకటించింది. ఇరుగుపొరుగు మాటకు కొంతైనా చోటు దొరికింది.

కాబట్టి ఏ పట్టిక చేతికి వచ్చినా పిల్లలచేత మూడు ప్రశ్నలు వేయించండి. దీనిలో ఏమి కొలిచారు? ఈ సగటు వెనుక ఎవరున్నారు? దీనిలో చేరనిది ఏమిటి?

ఇక మనుమరాలికి మా జవాబు: అమ్మా, మనము తక్కువ ఆదాయం గల దేశం నుండే వచ్చాము. అది నిజం, దాచనక్కరలేదు. కాని ఆ దేశపు పంటలో కొంత ఈ నగరపు సంపదలోనూ ఉన్నది. మీ తాత వట్టి చేతులతో రాలేదు.

పెద్దాయన ఆగస్టులో లబాసా వెళ్లారు. ఆరు నెలలకు సరిపడా మందులు కొడుకే మూట కట్టి ఇచ్చాడు. ఆస్పత్రి ఇంటికి ఎంత దూరమో మనుమరాలు కనుక్కుని, తన పట్టిక చివర ఇంకొక వరుస చేర్చింది.