పురిటి సెలవులో ఇంటి జమా ఖర్చులు

ఇంట్లో కోడలు నెల తప్పిందని తెలిసిన నాటి నుండి పెద్దలు ఎన్నో జాగ్రత్తలు చెబుతారు. ఏమి తినాలో, ఏమి తినకూడదో, ఎంత బరువు ఎత్తకూడదో చెబుతారు. అయితే ఆమె ఆరు నెలలు పనికి వెళ్లకపోతే ఇల్లు ఎలా గడుస్తుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. భార్య జీతం గురించి ముందే లెక్క వేస్తే నలుగురూ ఏమనుకుంటారోనని భర్తకు సిగ్గు. తానే ఎత్తితే గర్వమనుకుంటారేమోనని భార్యకు భయం. చివరకు ఆ లెక్క పురుడు వచ్చిన తరువాతే మొదలవుతుంది. అప్పటికి వడ్డీకి తెచ్చుకోవడం తప్ప మరొక దారి మిగలదు.

మన తల్లులు నాట్లకు, కోతలకు వెళ్లారు. పని ఉన్న రోజునే కూలి, లేని రోజున లేదు. వారి కుమార్తెలు నేడు ప్రైవేటు బళ్లలో టీచర్లుగా, ఆసుపత్రుల్లో నర్సులుగా, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల్లో పనివారుగా నెల జీతం తెస్తున్నారు. నెల జీతం వచ్చే ఇంట్లో ఖర్చులు కూడా నెల లెక్కనే కుదురుకుంటాయి. గ్రూపు కిస్తీ, చీటీ, గ్యాసు, కరెంటు బిల్లు, అత్తమామల మందులు, ఆదివారపు కానుక, ఇవేవీ బిడ్డ పుట్టిందని ఆగవు.

ముందుగా తెలిసికొనవలసినది, మీకు సెలవు జీతంతో వస్తుందా, జీతం లేకుండా వస్తుందా అన్నది. చాలామంది దీనిని యజమాని దయ అనుకుంటారు. అది దయ కాదు, చట్టం. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోను ఆ 26 వారాలు అలాగే ఉన్నాయి. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు, ఆ తరువాత అయితే 12 వారాలు. కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించకుండా వాడుకోవచ్చు. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థకు ఇది వర్తిస్తుంది. కాన్పుకు ముందటి పన్నెండు నెలలలో కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉండాలి. సెలవుకు ముందు మూడు నెలల జీతం సగటు తీసి, ఆ లెక్కన పూర్తి జీతం ఇవ్వాలి. సంస్థ ఉచితంగా వైద్యం చేయించని పక్షంలో 3,500 రూపాయలు వైద్య బోనసు కూడా రావాలి. సెలవులో ఉన్న స్త్రీని పనిలోనుండి తీసివేయకూడదు.

జీతంలోనుండి ఇ.ఎస్.ఐ. కోత పడుతున్న వారికి ఈ డబ్బు యజమాని కాక ఇ.ఎస్.ఐ. వారే ఇస్తారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2010లో 120 రోజులను 180 రోజులు చేశారు గనుక వారి సంగతి ఇక్కడ ఎక్కువగా చెప్పనక్కరలేదు.

కష్టం చిన్న బళ్లలోను, చిన్న నర్సింగు హోముల్లోను ఉంది. పదిహేనుమంది టీచర్లున్న బడిలో కూడా, పెళ్లయిన అమ్మాయి గర్భవతి అని తెలియగానే, “నువ్వు మానెయ్యమ్మా, బిడ్డ కాస్త పెద్దదయ్యాక చూద్దాం” అంటారు. అమ్మాయి తల ఊపి వచ్చేస్తుంది. అడిగితే మళ్లీ పిలవరేమోనన్న భయం ఊరకనే పుట్టినది కాదు. అయినను అడగవలసిన విధంగా అడగండి. ఏ తేదీ నుండి సెలవు కావాలో కాగితం మీద వ్రాసి ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకొనండి. జీతం చేతికిస్తూ ఏ కాగితమూ ఇవ్వని చోట, ఆ డబ్బును ప్రతి నెలా అదే తేదీకి మీ బ్యాంకు ఖాతాలో వేసి, అవసరమైతే మరునాడే తీసుకొనండి. పాసుపుస్తకంలో ఆ వరుస పడి ఉంటుంది. హాజరు పట్టీలో మీ సంతకాలున్న పేజీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకొనండి. మాట వినకపోతే లేబర్ ఆఫీసరు ఉన్నాడు. అక్కడికి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంటివారు కూర్చొని ఆలోచించవలసిన సంగతి. వెళ్లడానికి ఆధారమైతే చేతిలో ఉండాలి గదా!

ఒక్కసారిగా వచ్చే డబ్బు

జీతంతో సెలవు దొరికిన వారికి మరొక చిక్కు ఉన్నది. చట్టం ప్రకారం కాన్పుకు ముందు కాలానికి చెందిన డబ్బు ముందుగానే ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టినట్లు ఋజువు చూపిన 48 గంటలలో ఇవ్వాలి. అంటే నెలనెలా రావలసిన జీతం ఒకటి రెండు దఫాలలో చేతికి రావచ్చు. నెలకు 13,000 రూపాయల జీతమున్న చెల్లెలిని తీసుకొనండి. 26 వారాలంటే 182 రోజులు. సుమారు 78,000 రూపాయలు! అంత డబ్బు ఆ ఇంట్లో ఒక్కసారిగా ఎన్నడూ చూసి ఉండరు. అందరికీ అప్పుడే అవసరాలు గుర్తుకు వస్తాయి. పాత బండి మార్చుదామంటాడు భర్త. బోరు వేద్దామంటాడు మామగారు. వచ్చే నెల తిరిగి ఇస్తానంటాడు తమ్ముడు. అదేదో మిగులు డబ్బన్నట్లు మాట్లాడతారు. నిజానికి అది ముందుగా చేతికొచ్చిన బియ్యం, పప్పు, కిస్తీ. నాలుగో నెలలో ఖాతా ఖాళీ అయితే అయిదో నెలకు ఎవరూ జీతం ఇవ్వరు.

ఆ డబ్బు రాగానే నెలకొక వాటాగా ఆరు వాటాలు చేయండి. ఒక వాటా పొదుపు ఖాతాలో ఉంచి, మిగిలిన వాటిని బ్యాంకులోగాని పోస్టాఫీసులోగాని విడిగా వేసి, నెలకొక్కటి చొప్పున తీసుకొనండి. సంస్థలో తెలిసిన గుమాస్తా ఉంటే నెలనెలా ఇమ్మని అడగడం ఇంకా మేలు. కొందరు ఇస్తారు.

అన్నలారా, ఈ ఒక్క మాట మీతోనే. ఆమె ఏ.టి.ఎం. కార్డు ఎవరి జేబులో ఉన్నది? నిన్నటి వరకు తన సంపాదనలోనుండి తల్లికి చీర కొనిపెట్టిన స్త్రీ, నేడు బిడ్డకు జ్వరం మందు కొరకు మీ దగ్గర చేయి చాచవలసి వస్తున్నది. అడిగిన ప్రతిసారీ “మొన్న ఇచ్చిన అయిదు వందలు ఏం చేశావు?” అంటే ఆమె అడగడం మానేస్తుంది. అడగడం మానేసిన తల్లి ముందుగా తన తిండి తగ్గించుకుంటుంది. పాలు త్రాగే బిడ్డ గల తల్లి ఆ పని చేస్తే రెండు ప్రాణాలకు నష్టం. లెక్క చూడడం తప్పు కాదు. వారానికొకసారి ఇద్దరూ కలిసి చూడండి, ఆమె ఖర్చును మాత్రమే కాదు, మీదీ చూడండి.

జీతం రాని సెలవు

ఇప్పుడు కష్టమైన లెక్క. ఒక ప్రైవేటు బడి టీచరుకు నెలకు 9,000 రూపాయలు అనుకుందాం. భర్త కౌలు రైతు, అతని డబ్బు పంట చేతికొచ్చినప్పుడే. సెలవుకు జీతం లేదు. ఆరు నెలలకు 54,000 రూపాయలు తక్కువ పడతాయి. రెండో నెలలో సంగతి తెలిస్తే కాన్పుకు ఏడు నెలల వ్యవధి ఉన్నది. నెలకు 3,000 చొప్పున ప్రక్కన పెట్టగలిగితే 21,000 అవుతాయి. మే నెల జీతం ఇవ్వని బడి అయితే ఆరు నెలలే దొరుకుతాయి, 18,000 అవుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు వస్తాయి. గర్భం నమోదు చేయించి ఒకసారైనా పరీక్ష చేయించుకుంటే 3,000, బిడ్డ జననం నమోదై మొదటి టీకాలు పూర్తయితే 2,000. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. అంగన్‌వాడీ కార్యకర్తతోగాని ఆశా వర్కరుతోగాని ఆలస్యం చేయకుండా నమోదు చేయించుకొనండి. డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది గనుక ఆ ఖాతాకు ఆధారు జత అయి ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగినికి గాని, చట్టం ప్రకారం ఇలాంటి ప్రయోజనం వేరే పొందుతున్నవారికి గాని ఇది రాదు. తెలంగాణలో 2017లో వచ్చిన కె.సి.ఆర్. కిట్ పథకం మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 చొప్పున ఇవ్వడానికి ఏర్పడినది. అక్కడివారు ఇప్పుడు ఏమి అందుతున్నదో తమ అంగన్‌వాడీలో అడిగి తెలిసికొనాలి.

21,000, 5,000 కలిపితే 26,000. బస్సు చార్జీ నెలకు 900 మిగులుతుంది గనుక ఆరు నెలలకు 5,400. ఇంకా 22,600 తక్కువ. ఇక్కడే ఇంటివారు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కుతారు. 20,000 మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600, ఏడాదికి 7,200. అంటే దాదాపు ఆమె ఒక నెల జీతం వడ్డీకే పోతుంది. అదే మొత్తం బ్యాంకులో బంగారం పెట్టి తెస్తే, రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 200. మెడలోని గొలుసు కుదువ పెట్టడం నామోషీ అని కొందరు అంటారు. మూడు రూపాయల వడ్డీ కట్టడం మరి ఏమిటో నాకు అర్థం కాదు. గ్రూపులో అంతర్గత అప్పు దొరికితే అదీ మంచిదే. కాని ఇదివరకటి కిస్తీ మీద ఇంకొక కిస్తీ ఎక్కుతుందని మరచిపోవద్దు.

చీటీ పాట పాడవలసి ఉంటే కాన్పు నెలకు దగ్గరగా పాడుకునేటట్లు ముందే ఆలోచించండి.

మూడు నెలలకే తిరిగి బడికి వెళ్లాలా, ఆరు నెలలు ఉండాలా? ఇంట్లో గడిపే ప్రతి నెలకు 9,000 పోతుందన్నది నిజమే. కాని ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లయినా అక్కరలేదని వైద్యులు చెబుతారు. తల్లి ముందే పనికి వెళ్తే డబ్బా పాలు కొనాలి. సీసా సరిగా మరగబెట్టని ఇంట్లో విరేచనాలకు డాక్టరు ఫీజు వేరు. ఈ ఖర్చులు కూడా వేసి చూడండి.

పుట్టింటి పురుడు

మన ఆచారంలో మొదటి కాన్పు పుట్టింట. ఈ ఆచారం ప్రేమతో వచ్చినదే గాని, దాని బరువు ఎవరి మీద పడుతున్నదో ఎవరూ లెక్కించరు. పెళ్లి అప్పు ఇంకా తీరని తండ్రి కూతురి కాన్పుకు మళ్లీ అప్పు చేస్తాడు. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయితే మరీను. ఆ తరువాత అల్లుడికి బట్టలు, బిడ్డకు వెండి మొలత్రాడు. అల్లుడు ఒక బస్తా బియ్యమైనా తెచ్చి మామగారింట దించితే పరువు పోదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులు, పరీక్షలు, భోజనం సహా ఉచితమని 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతున్నది. కాన్పు తరువాత తల్లీబిడ్డలను ఇంటి దగ్గర దింపే 102 వాహనం కూడా ఉన్నది. డాక్టరు ప్రమాదమని చెప్పి పంపితే పెద్దాసుపత్రికి వెళ్లవలసిందే, అప్పుడు డబ్బు చూడకూడదు. కాని ఏ కారణమూ లేకుండా కేవలం బంధువుల మాటల కొరకు ప్రైవేటుకు వెళ్లేవారు ఎంతోమంది ఉన్నారు.

కృతజ్ఞత కూడిక సంగతి కూడా చెప్పక తప్పదు. బిడ్డను సంఘంలోకి తెచ్చే రోజున టెంటు, మైకు, రెండు వందలమందికి బిర్యానీ ఇప్పుడు మామూలైపోయాయి. ప్రక్కింటివారు చేశారు గనుక మనమూ చేయాలి. సెలవు డబ్బులో ఒకటిన్నర నెల వాటా ఆ ఒక్క పూట కరిగిపోతుంది. టీ, బిస్కట్లతో ముగించిన కూడికను ఏ పాస్టరుగారూ తప్పు పట్టినట్లు నేను వినలేదు. ఏడాది నిండిన తరువాత చేతిలో డబ్బున్నప్పుడు విందు చేసుకుంటే బిడ్డ కూడా కూర్చొని తింటుంది.

జననం నమోదు 21 రోజులలోపు ఉచితం. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేర్చడానికి, ఆధారుకు జనన ధృవీకరణ పత్రమే ఆధారం గనుక, పేరు ఇంకా కుదరలేదని ఆగవద్దు. పేరు తరువాత చేర్చుకోవచ్చు.

సెలవు ముగియడానికి నెల ముందే, ఏ తేదీన తిరిగి వస్తారో సంస్థకు కాగితం మీద తెలియజేయండి. బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు పని మధ్యలో పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు తల్లికి చట్టం ఇచ్చింది. యాభైమందికి తగ్గకుండా పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి. అది లేని చోట బిడ్డను ఎవరు చూస్తారు, వారికి ఏమి ఇస్తారు అన్నది తేల్చుకొని మొదటి నెల జీతంలోనుండి ఆ మొత్తం తీసి ప్రక్కన పెట్టండి. అమ్మమ్మ చూసినా సరే, ఆమె కూలికి వెళ్లడం మానుకొని చూస్తున్నదని మరువకండి.