బొమ్మల పెండ్లి: ఖర్చు లేని వేడుక

పుట్టినరోజు వేడుక యనగా నేడు పట్టణములలో అద్దె హాలు, అంతస్తుల కేకు, గోడల నిండ రబ్బరు బుడగలు, వచ్చిన ప్రతి బిడ్డ చేతికి నొక బహుమతి సంచి. మాకు తెలిసిన యొక యింటి అయిదేండ్ల పాప అట్టి వేడుకకు పోయి వచ్చి, "అమ్మా, మనం ఎప్పుడు చేసుకుంటాం?" అని యడిగినది. తల్లి వెంటనే బదులు చెప్పలేకపోయినది. నెల జీతములో సగము ఒక్క సాయంకాలమునకు వెచ్చింపవలెనా, పాపను చిన్నబుచ్చవలెనా యని యా దంపతులు రెండు దినములు తర్కించుకొనిరి. ఈ చిక్కు వారొక్కరిదే కాదు. కావున వారు తుదకు మాతో ఆలోచించి జరిపిన వేడుకను శ్రోతలకు వివరింపదలచితిమి.

ఆ వేడుక బొమ్మల పెండ్లి. ఇది మనకు క్రొత్తది కాదు. పోతన భాగవతమున రుక్మిణి బాల్యమును వర్ణించుచు బొమ్మల పెండ్లిండ్లను, గుజ్జనగూళ్ళను పేర్కొనియున్నాడు. గుజ్జనగూళ్ళనగా పిల్లలు తామే వండి వడ్డించుకొనునట్లు ఆడుకొను విందు. ఇందలి మేలేమనగా, ప్రతి బిడ్డకును ఒక పని యుండును. అద్దె హాలులో బిడ్డ చూచువాడు మాత్రమే. ఇచ్చట పురోహితుడో, వంటవాడో, మేళగాడో యగును. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలను వినువారుగా మాత్రమే యుంచక, వారిచేతనే పాడించి, పలికించిరి. ఆ పద్ధతినే మనము ఇంటిలోనికి తెచ్చుకొనవచ్చును.

నాలుగు మొదలు ఏడేండ్ల వయసు గల పిల్లలు ఎనమండ్రు చాలును. అంతకు మించినచో ఎవరికిని పని దొరకదు. వారిని ఆడపెండ్లివారుగా, మగపెండ్లివారుగా విభజింపవలెను. రెండు గంటల కాలము సరిపోవును; అంతకు మించినచో పసివారు అలసి పేచీలకు దిగుదురు. పెరడు లేనివారికి మేడ గాని, ముందుగది గాని చాలును. శుభలేఖలు పాత కార్డుల వెనుకవైపు పిల్లలే వ్రాయవచ్చును, బొమ్మలు వేయవచ్చును. అతికించుటకు మైదాపిండిని నీటిలో ఉడికించిన జిగురు మంచిది. పురుగు పట్టకుండుటకై పుస్తకములు కుట్టువారు ఇట్టి జిగురులో మైలుతుత్తము కలుపుట కలదు. అది విషము. పిల్లల చేతికిచ్చు జిగురులో దానిని కలుపరాదు.

వధూవరులను పాత చీరపేలికతో చేయవచ్చును. పేలికను గట్టిగా చుట్టి, మెడవద్ద దారము కట్టి, కాటుకతో కన్నులు దిద్దిన బొమ్మ సిద్ధమగును. ఏనుగు, గుఱ్ఱము, పల్లకి బంకమట్టితో చేయింపవలెను. మట్టిలోని రాళ్ళు ఏరి, నీరు చల్లి, బాగుగ పిసికి, ముందురాత్రియే తడిగుడ్డ కప్పియుంచిన మట్టి పిల్లల వ్రేళ్ళకు చక్కగా లొంగును. చేసిన బొమ్మలను ఎండలో పెట్టరాదు. పైపొర త్వరగా ఆరి ముడుచుకొనును, లోపలి మట్టి తడిగానే యుండును. అందువలన బొమ్మ బీటలు వారును. నీడలో నెమ్మదిగా ఆరనీయవలెను.

తరువాత పారాణి. గిన్నెలో పసుపునీరు పోసి, పిల్లలను చుట్టును కూర్చుండబెట్టి, పెద్దవారు అందు రవ్వంత తాంబూలపు సున్నము కలుపవలెను. పచ్చని నీరు కనుచుండగనే ఎఱ్ఱబడును. పసుపులోని రంగుపదార్థము క్షారము తగిలినప్పుడు ఎఱుపెక్కుట దీనికి కారణము. అదే నీటిలో నిమ్మరసము తగినంత పిండినచో ఆమ్లము క్షారమును అణచి, పసుపువన్నె మరల వచ్చును. ఈ వింతను పిల్లలు ఎన్ని మారులు చూపించినను చాలదందురు. అయితే సున్నము కంటికి మిక్కిలి హాని చేయును. కావున దానిని పెద్దవారే ముట్టవలెను.

పెండ్లికి మేళము కావలెను గదా. అయిదు స్టీలు గ్లాసులు వరుసగా పెట్టి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కొలతగా నీరు పోసి, చెక్క గరిటెతో మెల్లగా తట్టినచో వేర్వేరు స్వరములు పలుకును. నీరు ఎక్కువైనకొలది స్వరము తగ్గును. పింగాణి గిన్నెలతో వాయించు జలతరంగము ఈ సూత్రముపై నడచునదే. కొబ్బరాకును ఏటవాలుగా చుట్టినచో బూర యగును.

విందునకు పొయ్యి వెలిగింప నక్కరలేదు. నానిన పెసరపప్పుతో వడపప్పు, బెల్లము ఏలకులు కలిపిన పానకము, కొబ్బరికోరు కలిపిన అటుకులు, అరటిపండ్లు చాలును. కడిగి తుడిచిన బాదమాకులలో పిల్లలే వడ్డింపవలెను. కొంత నేల పాలగును, కోపింపరాదు.

రెండు జాగ్రత్తలు. బొమ్మల కన్నులకు గురిగింజలు వాడుట మన యిండ్లలో కలదు. అవి చూచుటకు అందమైనవే గాని, నమిలినచో ప్రాణాపాయము కలిగించు విషగింజలు. వానిని పిల్లలున్నచోట ఉంచనే రాదు. మూడేండ్లలోపు తమ్ముళ్ళు, చెల్లెండ్రు వచ్చినచో చింతగింజలు, గుండీలు, పగిలిన బుడగల ముక్కలు వారి కందకుండ చూడవలెను. అవి గొంతున అడ్డుపడును.

ఇక ఆ యింటి కథ. బహుమతులు తేవలదని శుభలేఖలోనే వ్రాయించిరి. ప్రతి బిడ్డయు గుప్పెడు పూలు తెచ్చిన చాలుననిరి. ఖర్చు 300 రూపాయలు దాటలేదు. ఆ వీధిలో ఇస్త్రీ చేయునతని కుమారుడు, ఏడేండ్లవాడు, పిలువగా వచ్చెను. మునుపటి హాలు వేడుకకు వానిని ఎవరును పిలిచియుండలేదు. మొదట గుమ్మమువద్దనే నిలిచెను. కాని కొబ్బరాకు బూర చుట్టుట మా కెవరికిని సరిగా రాలేదు. రెండు మారులు విప్పి చుట్టుచున్న మమ్ము చూచి, వాడు లోనికి వచ్చి, "ఇట్లా కాదండీ" అని యాకు తీసికొనెను. వాని తాత ఊరిలో నేర్పెనట. పావుగంటలో ఎనమండ్రకును బూరలు, చేతి గడియారములు, గాలిచక్రములు సిద్ధమయ్యెను. వాడే పెండ్లి పెద్ద యయ్యెను.

మరునాడు పాప తల్లిని మరల ప్రశ్నించినది. ఈ మారు ఆమెకు బదులు కష్టము కాలేదు. "మళ్ళీ పెళ్ళి ఎప్పుడమ్మా? వాడిని ముందే పిలవాలి" అన్నది పాప. రానున్న సెలవులలో మీ యింటను ఒక ముహూర్తము పెట్టి చూడుడు. పిలుపులు వ్రాయునప్పుడు, ఎన్నడును పిలుపు రాని బిడ్డ మీ వీధిలో ఎవరో ఒకమారు తలచుకొనుడు.