సముద్రగర్భమున నరగంట



శీర్షికను జూచి నేనేదో పురాణకథ చెప్పబూనితినని మీరు తలపవచ్చును. దుర్యోధనుడు జలస్తంభన విద్యచే ద్వైపాయన హ్రదమున దాగెనని భారతమున జదువుకొన్నాము. గంగలో స్నానమాడుచున్న యర్జునుని ఉలూచి నాగలోకమునకు గొనిపోయెననియు విన్నాము. నేను జెప్పబోవునది యట్టిది గాదు. ముప్పదియెనిమిదేండ్ల వయస్సున, ఇంటిపని తప్ప వేరొక వ్యాయామ మెరుగని యొక బడిపంతులుగారి భార్య, వీపున గాలి సిలిండరు గట్టుకొని సముద్రములోనికి దిగి మరల గట్టెక్కిన కథ యిది.

మాది కోనసీమ. పుట్టినింటి వెనుకనే కాలువ. నా యెనిమిదవయేట కార్తికమాసమున దీపము విడుచుటకు రేవునకు బోయి, నాచుపట్టిన మెట్టుపై కాలుజారి నీటిలో బడితిని. ఎవరో పుణ్యాత్ముడు జుట్టు పట్టి పైకి లాగినాడు. ముక్కులలో, నోటిలో నీరు నిండి, కన్నులకు పచ్చని చీకటి తప్ప మరేమియు గానరాని యా క్షణము నన్ను విడువలేదు. నాటినుండి చెంబుతో నీరు పోసికొనుటయే గాని మునిగి స్నానము చేసి యెరుగను. 2015వ సంవత్సరపు గోదావరి పుష్కరములలో సైతము మోకాలి లోతున నిలిచి, తలపై నీళ్లు చల్లుకొని వచ్చితిని.

ఈ భయమును నాలోనే దాచుకొన్న బాగుండెడిది. దానిని మా యమ్మాయికిని పంచిపెట్టితిని. దాని కిప్పుడు పదుమూడేండ్లు. కాలువ గట్టునకు బోవలదు, చెరువు చూడవలదు, ఈత నేర్వవలదు: ఇదియే నేను దానికి నేర్పిన జలవిద్య.

మొన్నటి సంక్రాంతి సెలవులలో మావారు రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్ముతో మమ్ము అండమాను దీవులకు గొనిపోయిరి. చెన్నపట్టణమునుండి విమానమున పోర్టుబ్లెయరు చేరితిమి. 2024లో దానికి శ్రీవిజయపురమని పేరు మార్చిరి. అచ్చటనుండి ఓడపై స్వరాజ్ ద్వీపమునకు బోయితిమి. 2018 వరకు దానిని హేవ్‌లాక్ అనెడివారు. ఆ దీవిలోని పల్లెల పేర్లు గోవిందనగరము, రాధానగరము, కృష్ణనగరము, శ్యామనగరము. తూర్పు బెంగాలునుండి సర్వము విడిచి వచ్చి యచ్చట నిలువనీడ జేసికొన్నవారి యూళ్లవి. దేవుని పేర్లనైనను తమవెంట దెచ్చుకొనిరి గదా యని నాకు మనసు కరగినది.

తీరమున నీటిలో మునుగుట నేర్పు శాల యొకటి యుండెను. అమ్మాయి దానిని జూచి వచ్చి, “అమ్మా, పదేళ్లు నిండిన వాళ్లు దిగవచ్చట. నేను దిగుతాను” అనినది. వలదంటిని. మరల నడిగినది. మరల వలదంటిని. అప్పుడది కన్నీళ్లతో, “నీ భయం నీది. నాకెందుకు ఇస్తావు?” అని లోనికి బోయినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారు నన్ను నిందింపలేదు. “నువ్వు వద్దంటే అది మానుకుంటుంది. ఆ తరవాత జన్మంతా మానుకుంటూనే ఉంటుంది” అని మాత్రమనిరి. తెల్లవారిన పిమ్మట, “దిగినచో నిద్దరము దిగుదము” అంటిని. ఆ మాట నా నోటినుండి యెట్లు వచ్చినదో నాకే తెలియదు.

శాలలో మొదట నొక పత్రము నింపవలసి యుండెను. ఉబ్బసము, గుండెజబ్బు, చెవినొప్పి, మూర్ఛలు, గర్భము మున్నగువానిని గూర్చిన ప్రశ్నలవి. మావారు రక్తపు పోటునకు మందు వాడుచున్నారు. వైద్యుని యనుమతిపత్రము లేనిదే దింపుటకు వీలులేదనిరి. వారు మా చెప్పులకు, సంచులకు కావలియై గట్టుననే నిలిచిరి. ఆ ప్రశ్నలలో దేనికైనను సిగ్గువలన గాని, తొందరవలన గాని అసత్యము వ్రాయుట తన ప్రాణమునకే ముప్పని శిక్షకురాలు గట్టిగా జెప్పినది. ఆమె యిరువదియైదేండ్ల తెలుగు పిల్ల. ఆమె తాతగారు శ్రీకాకుళపు ప్రాంతమునుండి పోర్టుబ్లెయరునకు వలస వచ్చిరట. ఆమె “అక్కా” యని పిలుచుటతో నా గుండెదడ కొంత తగ్గినది.

చీరతో దిగుటకు వీలులేదు. మెడనుండి చీలమండలవరకు దేహమునంటి యుండు నల్లని రబ్బరు దుస్తు తొడిగిరి. నీటిలో దేహపు వేడి గాలిలోకంటె ఎన్నో రెట్లు వడిగా హరించును. ఆ దుస్తు వేడిని నిలుపును, దురద పుట్టించు జీవులనుండి కాపాడును. నలుగురిలో నట్లు నడచుటకు మిగుల సిగ్గుపడితిని. కాని యా సిగ్గు మోకాలి లోతువరకే యుండెను. ఆ పైని భయమే గాని సిగ్గునకు దావు లేదు.

స్కూబా యను పేరు ఆంగ్లమున నైదు పదముల తొలి యక్షరముల కూర్పు. పైనుండి గొట్టముతో గాలి నందుకొన నక్కరలేక, తన గాలిని తనతో గొనిపోయి నీటిలో శ్వాసించు సాధనమని దాని భావము. సిలిండరులో నుండునది వట్టి ప్రాణవాయువని పలువురు తలంతురు. అది పొరపాటు. మనము పీల్చు సాధారణమైన గాలినే వడగట్టి, సుమారు 200 రెట్ల వత్తిడితో నదిమి నింపుదురు. ఆ వత్తిడిని తగ్గించి, మనము పీల్చినప్పుడు మాత్రమే, చుట్టునున్న నీటి వత్తిడికి సరిపోవునట్లు గాలిని నోటికందించు పరికరమునకు రెగ్యులేటరని పేరు. 1943లో ఫ్రాన్సు దేశమున నౌకాదళోద్యోగి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ అనువారు దీనిని రూపొందించిరి. అంతకు ఎన్నో తరములకు పూర్వమునుండియే కొరియాలోని జెజు ద్వీపమున స్త్రీలు ఏ గాలిసిలిండరును లేక, ఊపిరి బిగబట్టి సముద్రమున మునిగి, నత్తలను, సముద్రపు నాచును దెచ్చి సంసారములు పోషించుకొనుచున్నారు. వారి విద్యను 2016లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో జేర్చినది. సముద్రము పురుషులకే గాని స్త్రీలకు గాదనుట వట్టిమాట.

నీటి వత్తిడిని గూర్చి శిక్షకురాలు చెప్పినదానిని మీరు వంటయింటనే పరీక్షించి చూడవచ్చును. గ్లాసును బోర్లించి బకెట్టు నీటిలో నదుముడు. లోపలి గాలి పోదు. నీరు కొంచెము మాత్రమే లోని కెక్కును. ఆ గ్లాసునే సముద్రమున 10 మీటర్ల లోతునకు గొనిపోయినచో నీరు సగమువరకు నిండును. గాలి నశింపలేదు, సగమునకు గుదించుకొన్నది. మరల పైకి దెచ్చినచో గాలి యథాప్రకారము వ్యాపించును. మన చెవులలోని గాలియు నట్లే కుదించుకొని కర్ణభేరిని లోనికి లాగును. కావున మీటరున కొకమారైన ముక్కు మూసికొని మెల్లగా గాలి నూది చెవులను సరిచేసికొనవలయును. ఊపిరితిత్తుల విషయమింకను ముఖ్యము. లోతున గాలి పీల్చి, దానిని బిగబట్టి పైకి వచ్చినచో నా గాలి వ్యాకోచించి తిత్తులను చీల్చును. అందుచే ఈ విద్యలో మొదటి సూత్రము: ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు.

నాకు వచ్చిన చిక్కంతయు నిదియే. నీట మునిగిన ఊపిరి బిగబట్టుట యొక్కటియే నా దేహమున కెనిమిదవయేటినుండి తెలిసిన విద్య.

రొమ్ముల లోతు నీటిలో అభ్యాసము మొదలయ్యెను. ముఖము నీటిలో నుంచితిని. ఊపిరి ఆగిపోయినది. కంటియద్దములోనికి గ్రుక్కెడు నీరు వచ్చినది. అంతే, ఆ కాలువ, ఆ పచ్చని చీకటి! నోటిలోని గొట్టమును పారవైచి, లేచి, ఒడ్డునకు పరుగెత్తి యిసుకలో గూలబడి యేడ్చితిని. ఇక నావలన గాదంటిని. శిక్షకురాలు బలవంతపెట్టలేదు. “మానడం తప్పు కాదక్కా. లోపల కూడా ఎప్పుడు పైకి పోదామన్నా బొటనవేలు పైకి చూపండి. కారణం అడగను” అనినది.

అప్పటికే తన యభ్యాసము ముగించుకొన్న మా యమ్మాయి వచ్చి ప్రక్కన గూర్చున్నది. “అమ్మా, పీల్చడం గురించి ఆలోచించకు. బయటికి వదులు. వదిలితే లోపలికి అదే వస్తుంది” అనినది. ఇన్నాళ్లు దానికి పాఠములు చెప్పినదానను, ఆ దినమున దానియొద్ద పాఠము నేర్చుకొంటిని.

రెండవమారు దిగినప్పుడు నా తండ్రిగారు చిన్ననాట నేర్పిన గజేంద్రమోక్షమును మనస్సున జదువుకొంటిని. పీల్చునప్పుడొక పాదము, విడుచునప్పుడొక పాదము. పది పద్యములు ముగియునప్పటికి బుడగల చప్పుడు తప్ప మరేమియు వినబడుట లేదనియు, నేను నీటిలోపల శ్వాసించుచున్నాననియు గ్రహించితిని.

తీరమునకు సమీపముననే, లంగరు త్రాడు పట్టుకొని మెల్లమెల్లగా 8 మీటర్ల లోతునకు దిగితిమి. మావంటి కొత్తవారిని 12 మీటర్లకు మించి గొనిపోరు. ఒక్కొక్కరి ప్రక్కనొక శిక్షకుడు విడువక యుండును. నేను భయపడిన పచ్చని చీకటి యచ్చట లేదు. నీలపు వెలుగు గలదు. నీరు సూర్యకాంతిలోని యెరుపును మొదట మ్రింగివేయును. అమ్మాయి జడకు గట్టిన యెర్రని రిబ్బను మట్టిరంగుగా గానవచ్చెను. శిక్షకురాలు దీపము వేయగా మరల నెర్రనయ్యెను. అద్దము గుండ జూచునప్పుడు ప్రతి వస్తువును ఉన్నదానికంటె పెద్దదిగను, చేరువగను దోచును. ఒక చేప చేతికందునంత దగ్గర నున్నదనుకొంటిని, కాని యది దూరముగనే యున్నది.

పగడపు దిబ్బలలో చేపలు చిలుకల గుంపులవలె తిరుగుచుండెను. నారింజవన్నెపై తెల్లని పట్టెలు గల చిన్న చేపలు కొన్ని, ఊగులాడు వ్రేళ్లతో పూవువలె నుండు అనిమోని యను జంతువు నడుమ కాపురమున్నవి. ఆ వ్రేళ్లు తక్కిన చేపలను కుట్టి చంపును. వీనికి మాత్రము దేహముపైనున్న జిగురు రక్ష. ఆ కుటుంబమున నన్నిటికంటె పెద్దది ఆడుచేప. అది చనిపోయినచో మగవానిలో పెద్దది యాడుదిగా మారి యింటి పెత్తనము వహించునట. ఈ సంగతి విన్న పిమ్మట మావారు చాలసేపు మాటలాడలేదు.

పగడపు దిబ్బ రాయి గాదు, చెట్టు గాదు. కోట్లకొలది చిన్న జంతువులు తరతరములుగా గట్టిన సున్నపు నగరమది. మన మంగళసూత్రములోని యెర్రపగడము వేరొక జాతి. దిబ్బకట్టు పగడముల దేహములలో సూక్ష్మమైన నాచు వసించి వానికి ఆహారము సమకూర్చును. నీరు మితిమీరి వేడెక్కినచో నా నాచు వెడలిపోయి పగడములు తెల్లబడును. అండమానున 1998, 2010 సంవత్సరములలో నట్టి యుపద్రవము కలిగెను. మేమును కొన్నిచోట్ల తెల్లని యస్థికలవంటి పగడములను జూచితిమి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనిని కాపాడుచున్నది. ముక్కయైనను తెచ్చుట నేరము. తాకుటయు దగదు.

అంతలో అమ్మాయి తన చెవి చూపి, అరచేయి నిటునటు త్రిప్పినది. బాధ యున్నదని యా సంజ్ఞకర్థము. నా ప్రాణములెగిరిపోయినవి. దానిని జుట్టుపట్టి పైకి లాగికొనిపోదునా యనిపించినది. ఊపిరి బిగబట్టబోయితిని. శిక్షకురాలు నా భుజము పట్టి, నోటినుండి బుడగలు వెడలునట్లు తన చేతితో జూపినది. విడిచితిని. ఆ లోపల పిల్ల తనంతట తానే, తన శిక్షకునితో రెండడుగులు పైకి లేచి, ముక్కు పట్టుకొని గాలి నూది, చెవి సరిచేసికొని, మరల దిగివచ్చి, బొటనవ్రేలిని చూపుడువ్రేలిని గూర్చి సున్న చుట్టి నాకు జూపినది. బాగుగ నున్నానని దాని యర్థము. అద్దము లోపల నా కన్నులు నిండినవి. సముద్రమున నా కన్నీటి నెవరు గుర్తింతురు? నేనును సున్న చుట్టి చూపితిని.

అరగంట పిమ్మట మెల్లగా పైకి వచ్చితిమి. 5 మీటర్లయొద్ద మూడు నిమిషములాగి, పిమ్మట వెలుపలికి వచ్చితిమి. గట్టున మావారు రెండు తువ్వాళ్లతో నిలుచుండిరి.

ఇది విని యే సోదరియైన దిగదలచినచో నా మనవి. జలుబు, ముక్కుదిబ్బడ యున్ననాడు దిగవలదు. గర్భవతు లెంతమాత్రమును దిగరాదు. శిక్షణపత్రము గల గురువుతోనే దిగుడు. దిగిన పిదప 18 గంటలవరకు విమానమెక్కకుడు. లోతున రక్తములో గరగిన నత్రజని, మూత తీసిన సోడాలోవలె బుడగలై బాధించును. అందుచే ఈ ముచ్చటను ప్రయాణపు కడపటి దినమునకు నిలుపుకొనరాదు.

ఇప్పుడమ్మాయి ఈత నేర్చుకొనుచున్నది. నేను మాఘమాసమున పుట్టినింటికి బోయి, ముప్పదియేండ్ల పిమ్మట ఆ కాలువ రేవున దిగి, మూడు మునకలు వేసి లేచితిని. గట్టుపై మా యమ్మ నిలిచి, “చాలు, ఇక ఎక్కవే!” యని కేకలు వేయుచునే యుండెను.