కృష్ణమ్మ పక్కన మలుపుల దారి

వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. అక్కడే నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి నది దాటి పల్నాడులోకి పోతుంది. నాలుగు వరసల విశాలమైన దారి, లారీలకు మేలు. కానీ బండి నడపడమంటే ప్రాణమిచ్చేవాళ్లు ఇదే నదికి ఎగువన, మన్ననూరు నుంచి దోమలపెంట మీదుగా శ్రీశైలం చేరే 765వ నంబరు జాతీయ రహదారి పట్టాలి. నల్లమలను కోసుకుంటూ కృష్ణ అక్కడ లోతైన లోయ తవ్వింది. నిటారుగా దిగితే ఏ బండీ ఆగదు కాబట్టి దారి మెలికలు తిరుగుతూ ఆనకట్ట దిగువ వంతెన దాకా దిగి, అవతలి ఒడ్డున మళ్లీ ఎక్కుతుంది. ప్రతి మలుపూ వాలును తగ్గించడానికి పుట్టిందే. అందుకే ఆ అందం అతికించినట్టుండదు.

మలుపులంటే ప్రమాదం కదా అంటారు. నిజమే, కానీ అసలు ముప్పు వేగంలో ఉంది. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించాలి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకునే తొక్కుతూపోతే అది వేడెక్కి పట్టు వదులుతుంది. ఇరుకైనచోట ఎక్కే బండికే ముందు దారివ్వాలన్నది చట్టంలోని నియమం.

సరదా డ్రైవర్లతో అడవికి చేటన్న అభ్యంతరం ఇంకా బరువైనది. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపడం నాకు పూర్తిగా సమ్మతం. లోయ అందాలు ఎలాగూ పగలే కనిపిస్తాయి.