టర్బోకీ ఇంజిన్‌కీ నడుమ ఒక పైపు

"నల్ల రబ్బరు పైపు తీసేసి నీలం సిలికాన్ పైపు వేస్తె పవర్ పెరుగుతదట గద సార్, నిజమేనా?"

కరీంనగర్‌లో డీజిల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు టర్బో పాఠం చెప్పినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేస్తే ఆ పైపుకు అన్యాయం చేసినట్టే. టర్బో గురించి అందరూ మాట్లాడతారు, ఇంటర్‌కూలర్ గురించీ మాట్లాడతారు. ఆ రెంటినీ కలిపే పైపు దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ఇంజిన్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే.

గాలి మూడు పైపులు దాటి సిలిండర్‌లోకి చేరుతుంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చేది పీల్చే పైపు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయేది వేడి పైపు. అక్కడ చల్లబడ్డ గాలిని ఇంజిన్‌కు తెచ్చేది చల్ల పైపు. చూపుకు మూడూ ఒక్కటే గానీ వాటి కష్టాలు వేరు. పీల్చే పైపులో ఒత్తిడి బయటి గాలికన్నా తక్కువ. గోడ మెత్తగా ఉంటే లోపలికి కుంగి దారి మూసుకుపోతుంది. అందుకే మంచి సిలికాన్ పీల్చే పైపుల గోడలో ఉక్కు తీగ చుట్టి ఉంటుంది. మిగతా రెండింటికీ ఉబ్బే బెడద.

టర్బో పని తెలిసిందే. ఇంజిన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరన ఉన్న చక్రం గాలిని కుదించి లోపలికి తోస్తుంది. చిన్న కార్లలో ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఒక వైపు 700, 800 డిగ్రీల పొగ. జానెడు కూడా లేని దూరంలో, రెండో వైపు మన ఊరి గాలి.

కుదిస్తే గాలి వేడెక్కుతుంది. ఎంత వేడెక్కుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం, బయట 45 డిగ్రీలు. టర్బో ఆ గాలి ఒత్తిడిని 2.2 రెట్లు చేసిందనుకుందాం, దాని సామర్థ్యం 70 శాతం అనుకుందాం. వేడి పైపులోకి వచ్చే గాలి దాదాపు 160 డిగ్రీలు ఉంటుంది. నీళ్లు మరిగే వేడికన్నా చాలా ఎక్కువ. అదే కారు డిసెంబర్ తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో, 10 డిగ్రీల చలిలో, అదే ఒత్తిడితో నడిస్తే పైపులో 112 డిగ్రీలే. బయట తేడా 35 డిగ్రీలైతే పైపులో 48 అయింది. కుదింపు వల్ల పెరిగే వేడి, మొదట ఉన్న వేడిని బట్టి గుణిస్తుంది గనుక ఇలా జరుగుతుంది. పైగా 10 డిగ్రీల గాలి 45 డిగ్రీల గాలికన్నా 12 శాతం చిక్కన. చలికాలంలో కారు హుషారుగా ఉంటుందని డ్రైవర్లు అనేది ఉత్త భ్రమ కాదు.

ఇంత వేడి ఉన్నచోట ఇనుప పైపే వేసేయొచ్చు కదా అని అడుగుతారు. కుదరదు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఊగుతుంది. ఇంటర్‌కూలర్ బాడీకి బిగించి ఉంటుంది. ఊగేదానికీ ఊగనిదానికీ మధ్య మెత్తనిదేదో ఉండి తీరాలి. ఆ మెత్తనిదే ఒత్తిడిని కూడా కాయాలి. 60 మిల్లీమీటర్ల పైపు నోటి వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 1.2 కిలోల అదనపు ఒత్తిడి ఉంటే, వంపు దగ్గర పైపును ఊడగొట్టడానికి 34 కిలోల తోపు పనిచేస్తుంది. గేరు మార్చినప్పుడల్లా ఆ తోపు వస్తుంది, పోతుంది.

ఉత్త సిలికాన్ దీనికి నిలవదు. సైకిల్ ట్యూబుకు టైరు ఎట్లాగో సిలికాన్‌కు బట్ట అట్లా. పైపు కోసిన అంచును వెలుగులో పెట్టి చూస్తే పొరల మధ్య నేత కనిపిస్తుంది. మూడో నాలుగో వరసల పాలిస్టర్ బట్ట, వేడి ఎక్కువైన చోట అరమిడ్ బట్ట. పైపు ఉబ్బకుండా పట్టేది ఆ నేత. వేడికి ఓర్చుకునేది సిలికాన్.

ఆ ఓర్పు ఎక్కడిదో కరీంనగర్ వాళ్లకు చెప్పడం నాకు సరదా. మన గుట్టల నుంచి టాన్ బ్రౌన్ గ్రానైట్ విదేశాలకు పోతుంది. మానేరులో ఇసుక ఉంది. ఆ రాయినీ ఆ ఇసుకనూ కలిపి పట్టుకున్నది సిలికాన్ మూలకానికీ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్న బంధం. ఈ పైపు అణువుల వెన్నెముక కూడా అచ్చంగా అదే బంధం. మామూలు రబ్బరు వెన్నెముకలోని కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు 350 కిలోజౌళ్లు కావాలి, దీనికి 450 దాకా కావాలి. రాయిలో ఒక్కో సిలికాన్ పరమాణువు నాలుగు వైపులా ఆక్సిజన్‌తో అల్లుకుని బిగుసుకుంటుంది. పైపులో రెండు వైపుల మిథైల్ గుంపులు తగిలించి, మిగతా రెండు వైపులతోనే గొలుసు కట్టారు. గొలుసు గనుక సులువుగా మెలి తిరుగుతుంది. అలా 180 డిగ్రీల్లో కూడా గట్టిపడని, ఆదిలాబాద్ చలిలో కూడా బిరుసెక్కని రబ్బరు తయారైంది.

ఈ పదార్థాలను మొదట లోతుగా చదివిన ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కిప్పింగ్‌కు వీటి భవిష్యత్తు మీద పెద్ద ఆశ లేదు. చవకగా చేసే దారి 1940లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఉద్యోగి యూజీన్ రోకోకు దొరికింది: సిలికాన్ మూలకం పొడికి రాగి కలిపి, సుమారు 300 డిగ్రీల వేడిలో దాని మీదుగా మిథైల్ క్లోరైడ్ వాయువు పంపాడు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో రిచర్డ్ ముల్లర్ అదే దారిని సొంతంగా కనుక్కున్నాడు. రెండు దేశాలూ రెండో ప్రపంచ యుద్ధంలో ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ పద్ధతికి మాత్రం ఇప్పుడు ఇద్దరి పేర్లూ కలిపే చెబుతారు.

సిలికాన్ పైపుకు ఒక బలహీనత ఉంది: నూనె. ఇంజిన్ అడుగు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి పీల్చే పైపులోకి చేరుతుంది. టర్బో బేరింగుల నుంచి కూడా కొంచెం ఆయిల్ జారుతుంది. మామూలు సిలికాన్ ఆయిల్‌ను పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, పొరలు విడిపోతుంది. అందుకే మంచి పైపు లోపల ఫ్లోరోసిలికాన్ పొర వేస్తారు. బజారులో తక్కువ ధరకు దొరికే పైపుల్లో ఆ పొర తరచూ ఉండదు. రంగు మాత్రం అదే నీలం. కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇక పవర్ సంగతి. కంపెనీ పైపు బాగుండి, కంపెనీ ఒత్తిడితోనే నడుస్తున్న కారుకు సిలికాన్ పైపు వేస్తే చెప్పుకోదగ్గ పవర్ పెరగదు. పైపు ఉబ్బడం తగ్గితే స్పందన రవ్వంత మెరుగవుతుంది గానీ, ఆలస్యం ప్రధానంగా టర్బో చక్రం వేగం అందుకోవడంలోనే ఉంటుంది. కాజీపేట షెడ్డు డీజిల్ రైలింజిన్లు బయలుదేరేటప్పుడు గుప్పున నల్లపొగ వదిలేవి. గాలి వెనకబడి, డీజిల్ ముందు పోయిన క్షణాలవి. ఎవరికైనా నిజంగా లాభం కనిపిస్తే, చాలాసార్లు పాత పైపు పగిలి ఉన్నట్టే. ఇంజిన్ గాలిని ఫిల్టర్ దాటగానే కొలుస్తుంది, టర్బో తర్వాత ఆ గాలి కారిపోయిన సంగతి దానికి తెలియదు. కొలిచిన గాలికి తగ్గ డీజిల్ పోస్తుంది, పొగ నల్లబడుతుంది, టర్బో లోటు పూడ్చడానికి మరీ వేగంగా తిరుగుతుంది. "పికప్ వస్తలేదు, స్స్ అని సప్పుడొస్తున్నది" అని వచ్చే బండ్లలో ముందు పైపు చూడమని పిల్లలకు చెబుతాను. పీల్చే పైపు పగిలితే ఇంకా నష్టం. గ్రానైట్ క్వారీల దుమ్ము ఫిల్టర్‌ను తప్పించుకుని నేరుగా చక్రం రెక్కలను అరగదీస్తుంది.

టర్బో చరిత్ర పెద్దదే గానీ నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. 1925కు గానీ ఓడ డీజిల్ ఇంజిన్లలో అది కుదరలేదు. అప్పుడు 1750 హార్స్‌పవర్ 2500 అయింది. ఈలోపు 1918లో, తర్వాతి కాలంలో రోకో పనిచేసిన ఆ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వాడే అయిన శాన్‌ఫర్డ్ మాస్, పైక్స్ పీక్ కొండ మీద, 14,000 అడుగుల ఎత్తున, విమానం ఇంజిన్‌కు టర్బో పెట్టి పలచని గాలిలో పోయిన శక్తిని తిరిగి తెచ్చాడు. ముందు లారీల్లోకి, 1962లో అమెరికా కార్లలోకి వచ్చింది, ఇప్పుడు లీటరు పెట్రోలు ఇంజిన్లకు కూడా.

ఇక పైపు బిగించే పని తొందరపడితే చెడుతుంది. లోహపు మూతి చివర చిన్న గట్టు ఉంటుంది, క్లిప్పు దాని వెనక కూర్చోవాలి. గట్టు మీద కూర్చుంటే ఆ 34 కిలోల తోపు పైపును జార్చేస్తుంది. సులువుగా ఎక్కుతుందని ఆయిల్ రాయకూడదు. మూతిని స్పిరిట్‌తో తుడిచి పొడిగా ఎక్కించాలి. గాట్లున్న మామూలు క్లిప్పులు మెత్తని సిలికాన్‌ను గాట్లలోకి లాగి కోస్తాయి. లోపలి పట్టీ నున్నగా ఉండే టీ బోల్ట్ క్లిప్పు మేలు. వేడెక్కి చల్లారితే సిలికాన్ కొంచెం అణిగిపోతుంది. నిర్మల్ మహబూబ్ ఘాట్ ఒకసారి ఎక్కి దిగి, ఇంజిన్ చల్లారాక స్పానర్ పెట్టి చూస్తే, గట్టిగా బిగించామనుకున్న నట్టు ఇంకో పావు చుట్టు తిరుగుతుంది.