మేకులు లేని ఓడ

సింద్‌బాదు నావికుని కథలు చిన్ననాట వినని వారు మనలో అరుదు. ఆ కథలలోని రాక్షసపక్షులు కల్పితాలే గాని, అతడెక్కిన ఓడ మాత్రం కల్పన కాదు. నాటి అరబ్బు నావికులు అటువంటి ఓడలలోనే చీనా దేశం వరకు వెళ్ళి వర్తకం చేసేవారు. వాటి పలకలను బిగించడానికి ఇనుప మేకులు వాడేవారు కారు. పలకలన్నీ కొబ్బరి తాడుతో కుట్టినవే.

బట్టను కుట్టినట్లు కొయ్యను కుట్టడమెట్లు? పలకల అంచుల వెంట రంధ్రాలు తొలిచి, అంచుకు అంచు ఆనించి, సందుపై కొబ్బరి పీచును ఒత్తుగా పరుస్తారు. లోపల ఒకరు, వెలుపల ఒకరు ఉండి తాడును లాగి బిగిస్తారు. పిమ్మట రంధ్రాలను పూడ్చి నూనె పట్టిస్తారు. ముందుగా ఓడ పొట్ట రూపొందుతుంది. పక్కటెముకల వంటి లోపలి కొయ్యలు తరువాతనే అమరుతాయి.

పదమూడవ శతాబ్దంలో హొర్ముజు రేవున ఇట్టి ఓడలను చూచిన మార్కోపోలో ఇవి నాసిరకమని, ప్రయాణానికి ప్రమాదకరమని వ్రాశాడు. తరువాతి శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా మాత్రం రాతికి తగిలితే మేకుల ఓడ పగులుతుందని, కుట్టిన ఓడ సాగి నిలుస్తుందని తెలిపాడు. మాకు తోచినంతవరకు ఇద్దరి మాటా నిజమే. కుట్ల ఓడకు నిత్యం సంరక్షణ కావాలి. అయితే అల తాకిడికి ఎదురొడ్డక, దానితోపాటు కొద్దిగా వంగగలగడమే దాని బలము, దాని అందము.

దీనిని పరీక్షింపదలచి టిమ్ సెవెరిన్ అనే రచయిత 1980లో ఒమాన్ సుల్తాను పోషణలో సూర్ పట్టణాన "సొహార్" అనే ఓడను కట్టించాడు. కలప మలబారుది. కుట్టుకు సుమారు 400 మైళ్ల కొబ్బరి తాడు పట్టింది. పురుగు తొలవకుండా అడుగు భాగానికి సున్నము, గొర్రె కొవ్వు కలిపి పూశారు. ఆ నవంబరులో మస్కట్ విడిచిన ఓడ 1981 జూలైలో కాంటన్ చేరింది. సింహళం దాటిన తరువాత తెరచాపను మోసే పెద్ద దూలము విరిగింది, గాలి స్తంభించింది, నావికులు వాన నీరు పట్టుకొని త్రాగవలసి వచ్చింది. కుట్లు మాత్రం నిలిచాయి. (ఉర్దూ గజళ్లలో తరచు కనిపించే "నాఖుదా" ఇటువంటి ఓడకు అధిపతియే.)

ఈ కథలో మమ్ము కలవరపెట్టిన విషయం మరొకటి ఉన్నది. ఓడల నిర్మాణానికి పేరుమోసిన సూరులోనే కుట్టు విద్య అప్పటికి కనుమరుగై, లక్షద్వీపాలలోని అగత్తి నుండి పనివారిని రప్పించవలసి వచ్చింది. తాతలనాటి పని చేతులలో మిగిలి ఉన్నది వారికే. సొహార్ ఇప్పుడు మస్కట్‌లో ఒక కూడలి మధ్య, నీరు తాకకుండా, చూపరుల కొరకు నిలిచి ఉన్నది.

2025 మే నెలలో మన నౌకాదళంలో చేరిన "కౌండిన్య" అజంతా చిత్రంలోని ఓడను అనుసరించి కుట్టినది. అదే డిసెంబరులో పోరుబందరు నుండి మస్కట్‌కు బయలుదేరింది. దానిని కుట్టినవారు కేరళ నుండి వచ్చిన కొద్దిమంది వడ్రంగులు.